కాలు జారితే, నోరు జారితే

మా చెల్లెలు సుభద్ర నాతో పదిహేడు రోజులు మాట్లాడలేదు. ఆస్తుల దగ్గర కాదు, అమ్మ నగల దగ్గరా కాదు. ఒక జపాను అమ్మాయి మంచుమీద కాలు జారి పడినందుకు! నవ్వకండి. పడింది ఆ అమ్మాయే కానీ, నోరు జారింది నేను.

ఇది 2014 ఫిబ్రవరి నాటి సంగతి. మా మరిదికి నగోయాలో కార్ల కంపెనీలో ఉద్యోగం. ఆ ఊరు వెళ్ళిన కొత్తలో సుభద్రకి భాష రాదు, కూరగాయల పేర్లు తెలియవు, ఇరుగుపొరుగుతో పలకరింపులకి కూడా వంగి దణ్ణం పెట్టడం తప్ప మార్గం లేదు. అలాంటి రోజుల్లో దానికి టీవీలో దొరికిన చుట్టం మావో ఆసాదా. ఆ అమ్మాయిది నగోయాయే. అంతకుముందు తరంలో పేరు మోసిన మిదోరి ఇతోదీ ఆ ఊరే. మన దగ్గర కూచిపూడి అగ్రహారం ఎలాగో, జపానులో స్కేటింగుకి నగోయా అలాగన్నమాట. మా చెల్లెలి కూతురు చిన్నికి అప్పుడు ఆరేళ్ళు. తల్లీ కూతుళ్ళిద్దరూ మావో భక్తులు. గోడమీద వేంకటేశ్వరస్వామి కాలెండరు, దాని పక్కన మావో బొమ్మ.

రష్యాలో సోచి ఒలింపిక్స్. ఫిబ్రవరి 19న చిన్న ప్రోగ్రాం. అంటే రెండున్నర, మూడు నిమిషాల ఆట. మావో మొదటి గెంతులోనే పడింది. రెండోదానిలో చుట్టు పూర్తికాలేదు. జంటగా కలిపి చెయ్యవలసిన గెంతులు కలపనే లేదు. పతకం ఖాయమనుకున్న పిల్ల పదహారో స్థానానికి వెళ్ళిపోయింది. సుభద్ర పంపించిన వీడియో నేను విజయవాడలో వంటింటి గట్టుమీద ఫోను ఆనించి, బీరకాయ చెక్కు తీస్తూ చూశాను. మా అత్తగారు కూడా తొంగి చూసి, "ఆ గౌనేమిటే, ఆ పిల్లకి చలెయ్యదూ?" అన్నారు. ఆవిడ విమర్శ అక్కడితో అయిపోయింది. నాది అవలేదు. సుభద్ర ఫోను చేసి ఏడుస్తుంటే, ఓదార్చవలసిన అక్కని ఏమన్నానో తెలుసా? "ఏం చేస్తామే, ఆ పిల్ల ఎప్పుడూ అంతే. సరిగ్గా అవసరం వచ్చేసరికి చతికిలబడుతుంది" అన్నాను.

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

నాకప్పటికి మావో గురించి తెలిసింది అంతకుముందు సుభద్ర పంపిన రెండు వీడియోలు. రెంటిలోనూ పడింది. ఆ రెండిటితోనే "ఎప్పుడూ" అనే మాట వాడేశాను. మనం ఇంట్లో కూడా అంతే కదండీ! వారంలో రెండుసార్లు పాలు పొంగితే పనమ్మాయి "ఎప్పుడూ" పాలు పొంగిస్తుంది. నెలలో ఒకసారి కరెంటు బిల్లు మర్చిపోతే మావారు "ఎప్పుడూ" మర్చిపోతారు.

తమాషా ఏమిటంటే, ఇంచుమించు ఆ గంటల్లోనే నా మాట జపానులో ఇంకొకాయన కూడా అన్నాడు. ఆయన సామాన్యుడు కాదు. మాజీ ప్రధానమంత్రి యోషిరో మోరి. అప్పటికే 2020 టోక్యో ఒలింపిక్స్ నిర్వాహక సంఘానికి అధ్యక్షుడు. ఫిబ్రవరి 20న ఫుకువోకాలో ఉపన్యసిస్తూ, ఆ అమ్మాయి కీలక సమయం వచ్చేసరికి ఎప్పుడూ పడిపోతుంది అనే అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. మావో రెండో ఆట, అంటే నాలుగు నిమిషాల ఫ్రీ ప్రోగ్రాం, ఇంకా ఆడలేదు. కొన్ని గంటల్లో ఆడాలి. ఇక చూడండి, ఊరంతా ఆయనమీద పడింది. నాకూ ఆయనకీ ఒకటే తేడా. నామీద పడింది సుభద్ర ఒక్కత్తే, ఆయనమీద పడింది దేశం.

మొన్న వేసవిలో చిన్ని ఇండియా వచ్చింది. ఇప్పుడది కాలేజీ పిల్ల. సగం తెలుగు, సగం జపనీసు. "పెద్దమ్మా, నువ్వు అప్పుడు మావోని తిట్టావట కదా" అని పలకరింపే దాంతో మొదలు పెట్టింది. చూశారా, పదేళ్ళు దాటినా కేసు కొట్టెయ్యలేదు! సరే, ఈసారి బీరకాయలు పక్కన పెట్టి, దాన్ని కూచోబెట్టుకుని మావో ఆటలన్నీ వరసగా చూశాను. ఎవరెవరు ఏమన్నారో, అభిమానులు ఏం జవాబిచ్చారో అదీ తీరిగ్గా చెప్పించుకున్నాను. నేను చదివింది బి.ఏ. అందులోనూ తెలుగూ, చరిత్రా. గాలిలో మూడున్నర చుట్లు తిరగడంలో మెళకువలు నాకు తెలియవు. కానీ ఒక మాటకి ఇంకో మాట ఎలా బదులు పలుకుతుందో అది కొంచెం తెలుసు. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు, మోరీగారి మాట నిజమా, అబద్ధమా? సానుభూతి సంగతి తర్వాత.

2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. మావో ఫ్రీ ప్రోగ్రాం మొదలుపెట్టి, తనకి పేరు తెచ్చిన ట్రిపుల్ ఆక్సెల్‌కి సిద్ధమై, గెంతబోతూ, ఇంకా గాలిలోకి లేవకుండానే కాలు జారి దబ్బున పడింది. పడి, అలాగే మంచుమీద గోడదాకా జారుకుంటూ పోయింది. చూస్తుంటే నా పక్కటెముకలు నొప్పిపుట్టాయి. ఇంకొకరైతే అక్కడే ఆపేసి ఏడ్చేవారు. ఆ పిల్ల లేచి, సంగీతాన్ని అందుకుని, మిగిలిందంతా తప్పు లేకుండా ఆడేసింది. ఏమయిందనుకున్నారు? ప్రపంచ విజేత అయింది. కీలక సమయంలో పడటం నిజమే. పడి గెలవడం కూడా నిజమేగా! ఆ రెండో సగం మోరీగారి మాటలోనూ లేదు, నా మాటలోనూ లేదు.

2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఇదే మనిషి ఒకే పోటీలో మూడు ట్రిపుల్ ఆక్సెల్స్ చేసింది. ఒలింపిక్స్‌లో అంతకుముందు ఏ ఆడపిల్లా చెయ్యని పని. ఆక్సెల్ అంటే ముందుకి చూస్తూ ఎగిరి, వెనక్కి తిరిగి దిగే గెంతు. అందుకే మిగతావాటికన్నా అర చుట్టు ఎక్కువ పడుతుంది. అందులో ఆవిడకి దారి చూపింది మిదోరి ఇతో. 1992లో ఫ్రాన్సులో జరిగిన ఒలింపిక్స్‌లో ఇతో ఆ గెంతు చేస్తూ పడి, ఆట ముగియవచ్చే వేళకి, కాళ్ళలో శక్తి అయిపోయే సమయంలో, మళ్ళీ దాన్నే ఎత్తుకుని నెగ్గింది. నగోయావాళ్ళ పడటానికి ఇలాంటి పరంపర ఒకటి ఉంది. అది తెలియకుండా మాట్లాడితే నాలాంటి విమర్శ అవుతుంది.

ఇక మోరీగారికి వచ్చిన జవాబుల సంగతి. చిన్ని నాకు చదివి చెబుతుంటే నేను కాగితంమీద మూడు రకాలుగా విడదీసుకున్నాను. ఒక రకంవాళ్ళు ఇందాక నేను చెప్పినట్టే, ఏ ఏడాది ఏం జరిగింది, ఎన్ని గెంతులు వేసింది, ఎన్ని మార్కులు వచ్చాయి అని లెక్కలు తీసి చూపించారు. వీళ్ళు నాకు నచ్చారు. మాట అబద్ధమైనప్పుడు కోపం కన్నా లెక్క గట్టిది. ఇంకో రకంవాళ్ళు, నువ్వొకసారి ఆ మంచుమీద నిలబడి చూడు అన్నారు. ఇది చాలా పాత జవాబు. విన్నప్పుడు బాగుంటుంది గానీ దానిలో పస లేదు. చారులో ఉప్పెక్కువైందని చెప్పడానికి నేను చారు పెట్టనక్కర్లేదు, తాగితే చాలు. మూడో రకం శాపనార్థాలు. ఆయన వయసు, ఆకారం, వంశం, ఏదీ వదల్లేదు. అవి చదివి చెప్పమంటే చిన్ని సిగ్గుపడి, "అది వద్దులే పెద్దమ్మా" అంది.

కానీ ఈ మూడు రకాలవాళ్ళలోనూ చాలామంది ఒక పని చెయ్యలేదు. ఆయన ఉపన్యాసం మొత్తం చదవలేదు. మొత్తం చూస్తే అందులో ఇంకో మాట కూడా ఉంది. ఆ ఏడాది ఒలింపిక్స్‌లో కొత్తగా జట్టు పోటీ అని ఒకటి పెట్టారు. పదిరోజుల ముందు మావో దాంట్లోనూ ఆడింది, దాంట్లోనూ పడింది. జపానుకి గెలిచే ఆశ లేని ఆ పోటీలో ఆ పిల్లని అనవసరంగా దించి, భయం పట్టుకునేట్టు చేశారు కదా అని మోరీగారి వాదం. ఇది నిజంగా విమర్శ. నిర్వాహకులు ఆలోచించుకోవలసిన ప్రశ్న. ఒప్పుకోకపోవచ్చు, కానీ జవాబు చెప్పవలసినదే. ఆ మంచి ప్రశ్నని మింగేసింది ఆ ఒక్క "ఎప్పుడూ". పాయసం అంతా బాగుండి జీడిపప్పులో పురుగు వస్తే, మనం చెప్పుకునేది పురుగు గురించేగా!

అదే ఉపన్యాసంలో జపాను తరఫున ఆడుతున్న అక్కాతమ్ముళ్ళ జంట ఒకదాన్ని గురించి కూడా తేలిక మాట అన్నాడాయన. వాళ్ళు అమెరికాలో పుట్టినవాళ్ళు. అక్కడ చోటు దొరక్క ఇక్కడికి వచ్చారన్నట్టు మాట్లాడాడు. కాబట్టి ఆయనకి నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. పైగా 2021లో ఈ పెద్దమనిషే, సమావేశాల్లో ఆడవాళ్ళు ఎక్కువైతే మాటలు పెరిగి ఆలస్యమవుతుందని సెలవిచ్చి, ఆ అధ్యక్ష పదవి పోగొట్టుకున్నాడు. ఆయన కాలు జారగా ఎవరూ చూడలేదు కానీ...

సరే, అసలు సంగతికి వద్దాం. ఆ మర్నాటి ఆట.

పదహారో స్థానం కాబట్టి గొప్పవాళ్ళు ఆడే చివరి బృందంలో చోటు లేదు. అంతకు చాలాముందే, హాలు ఇంకా వేడెక్కకముందే రావాలి. ముదురు నీలం గౌను వేసుకుని వచ్చి నిలబడింది. రఖ్‌మానినోవ్ రెండో పియానో కచేరీ. మొదట్లో గుడిగంటల్లా ఒక్కొక్క స్వరం పడుతూ పోతుంది. ఆ గంటల మీద మొదటి గెంతు, నిన్న పడిన ఆ ట్రిపుల్ ఆక్సెలే. ఎగిరింది, దిగింది. దిగిన కాలు వణకలేదు. ఆ తర్వాత మొత్తం ఎనిమిది గెంతుల్లో మూడేసి చుట్లు తిరిగింది. చివర్న పాదాలు మంచుమీద వేగంగా అల్లిక అల్లుతుంటే, పియానో ఆవిడని తరుముతోందా, ఆవిడ పియానోని తరుముతోందా తెలియదు. సంగీతం ఆగగానే తల పైకెత్తింది. మొహం ఏడుపుకి ముడుచుకుపోయింది. ఒక్క క్షణం. మరుక్షణం నవ్వుతూ వంగి నమస్కారం పెట్టింది. అమెరికాలో ఆ ఆటకి మహారాణి అనిపించుకున్న మిషెల్ క్వాన్ లాంటివాళ్ళకి కూడా కళ్ళు చెమర్చాయట. నేను కూడా ఈసారి ఏడ్చాను. వంటింట్లో కాదు, పడకగదిలో, చిన్ని చూడకుండా.

మార్కులు 142.71. ఆ పూట ఆడినవాళ్ళందరిలో మూడోది. ముందురోజు దెబ్బ కలుపుకుని మొత్తం మీద ఆరో స్థానం. పతకం లేదు.

ఇక్కడే అభిమానుల రెండో వేషం బయటపడింది. నిన్న మోరీ అబద్ధాన్ని లెక్కలతో ఎదిరించినవాళ్ళే ఇవాళ లెక్కలు చూడ్డానికి ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ ఎనిమిదింటిలో కొన్నింట చుట్టు పూర్తికాలేదని జడ్జీలు కోత పెట్టారు. ఈ ఆటలో 2004 నుంచి పాత ఆరు మార్కుల పద్ధతి పోయింది. ఇప్పుడు ప్రతి గెంతుకీ, ప్రతి గిరికీకీ విడివిడిగా మార్కులు వేసి, చాకలిపద్దులాగా ఒక కాగితం బయటపెడతారు. ఎగిరిన చుట్టు పావువంతుకి మించి తక్కువయితే విలువ తగ్గుతుంది. లుట్స్ అనే గెంతుని బ్లేడు బయటి అంచుమీద నుంచి లేవాలి. లోపలి అంచుకి ఒరిగితే గుర్తు పెట్టి కోస్తారు. మావో లుట్స్‌లో ఆ జబ్బు చిన్నప్పటినుంచీ ఉంది. కూచిపూడి మాస్టారు "అరమండి సరిగా పట్టలేదు" అనడం లాంటిదే ఇది. కానీ ఎవరైనా వ్యాఖ్యాత "లుట్స్ అంచు తప్పు" అని అంటే చాలు, మావో అభిమానులకి అది మావోని అవమానించినట్టు. మీకు కొరియా డబ్బు ముట్టిందా అనేదాకా వెళ్తారు.

కొరియా అని ఎందుకన్నానంటే, అక్కడ యూనా కిమ్ ఉంది. విధి చూడండి, ఇద్దరూ పుట్టింది 1990 సెప్టెంబరే. ఇరవై రోజుల తేడా. వాంకూవర్‌లో కిమ్‌కి బంగారం, మావోకి వెండి. ఒకావిడ గెంతు కష్టమైనది, ఇంకొకావిడ ఆట నిండైనది. నా మటుకు నాకు, వాంకూవర్‌లో కిమ్ గెలవడం న్యాయమే అనిపించింది. ఆవిడ గెంతులోకి వెళ్ళే వేగంలోనే ఒక నిశ్చింత ఉంటుంది, గడప దాటి సొంతింట్లోకి అడుగుపెట్టినట్టు. ఈ మాట సుభద్ర చదువుతుందని తెలిసే రాస్తున్నాను. పదిహేడు రోజులు కాదు, ముప్ఫైనాలుగు రోజులైనా సరే.

మరి కొరియా అభిమానులు తక్కువ తిన్నారా? సోచిలో కిమ్ తప్పు లేకుండా ఆడింది. బంగారం రష్యా అమ్మాయి అడెలీనా సోత్నికోవాకి వెళ్ళింది. 224.59కి 219.11. అంతే, ఆ రాత్రే మహజరు మొదలైంది. పదిలక్షలు దాటి సంతకాలు పడ్డాయి. మన ఊళ్ళో మంచినీళ్ళ కుళాయికోసం వంద సంతకాలు పోగుచెయ్యాలంటే నాలుగు వీధులు తిరగాలి కదండీ! దీన్ని పిచ్చి అని కొట్టిపారేద్దామంటే, దాని వెనక చరిత్ర ఉంది. 2002లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో, జంటల పోటీలో ఫ్రెంచి జడ్జి ఒత్తిడికి లొంగి మార్కులేసిందని గొడవై, చివరికి కెనడా జంటకి రెండో బంగారు పతకం ఇచ్చి సర్దుకున్నారు. మార్కుల పద్ధతి మారింది ఆ దెబ్బకే. సోచి జడ్జీల్లో ఒకావిడ రష్యా స్కేటింగ్ సమాఖ్య పెద్దాయన భార్య. ఇంకొకాయన 1998 ఒలింపిక్స్‌లో చేసిన నిర్వాకానికి ఏడాదిపాటు సస్పెండైన మనిషి. ఏ జడ్జి ఎంత మార్కు వేశారో పేరు పెట్టి చెప్పే ఆచారం అప్పట్లో లేదు. 2016లో గానీ అది రాలేదు. మేనమామ పరీక్ష పేపర్లు దిద్దితే పక్కింటివాళ్ళకి అనుమానం రాదా?

అనుమానం న్యాయమైనదే. కానీ అదే అభిమానులు సోత్నికోవా ఆటలో కిమ్ కన్నా ఒక ట్రిపుల్ గెంతు ఎక్కువ ఉందన్న సంగతి మాత్రం మాట్లాడలేదు. జడ్జీలమీద కోపాన్ని తీసుకెళ్ళి, పదిహేడేళ్ళ ఆ పిల్లమీద కుమ్మరించారు. ఆ పిల్ల తనకి తను మార్కులు వేసుకుందా ఏమిటి? కొరియావాళ్ళ అధికారిక ఫిర్యాదుని అంతర్జాతీయ సమాఖ్య కొట్టేసింది. ఇంత రభసలోనూ కిమ్ మాత్రం, నేను చెయ్యగలిగింది చేశాను, నాకు చాలు అన్న ధోరణిలో మాట్లాడి, బూట్లు విప్పేసి ఇంటికెళ్ళింది. మావో కూడా అంతే. జపాను తిరిగివచ్చాక విలేఖరులు మోరీగారి మాట ఎత్తితే, మనుషులన్నాక తప్పులు జరుగుతాయి, బహుశా ఆయనే ఇప్పుడు కాస్త బాధపడుతుంటారేమో అని నవ్వేసింది. ఇరవైమూడేళ్ళ పిల్ల! వాళ్ళకోసం కొట్టుకున్నవాళ్ళు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ మరుసటి నెలలో జరిగిన ప్రపంచ పోటీల్లో మావో మళ్ళీ విజేత అయింది. అది మూడోసారి.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. చెప్పకపోతే పైన రాసిందంతా ఒడ్డున కూచుని చెప్పినట్టుంటుంది.

కొన్నేళ్ళక్రితం నా నవల ఒకటి సీరియల్‌గా వచ్చి, పుస్తకమయింది. ఒక పెద్దాయన సమీక్ష రాశారు. పేరు అక్కర్లేదు. "ఈ రచయిత్రి కథ చక్కగా ఎత్తుకుంటుంది. ముగింపుకి వచ్చేసరికి ఎప్పుడూ తడబడుతుంది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మావారు "ఆయనేదో రాశాడులే, పడుకోవోయ్" అన్నారు. నాలుగురోజులకి తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ఆరు పేజీలు. ఆ సమీక్షకుడికి భార్య చేతి చారు కూడా సయించదు కాబోలనీ, ఆడవాళ్ళు పైకొస్తుంటే ఓర్వలేని జాతి అనీ, ఇంకా రాయకూడని మాటలు కొన్నీ. నిజం చెప్పొద్దూ, నాకు వెన్నపూస రాసినంత హాయిగా ఉంది. ఆ ఉత్తరం తలగడ కింద పెట్టుకున్నాను. రెండుసార్లు మా అత్తగారికి కూడా చదివి వినిపించాను.

ఆ తర్వాతి నవల ముగింపు రాయడానికి కూచున్నాను. రాదే! కలం పట్టుకోగానే ఆ "ఎప్పుడూ" వచ్చి ఎదురుగా కూచుంటుంది. తెనాలి ఉత్తరం తీసి చదువుకున్నాను. మనసు తేలికపడింది గానీ, ముగింపు ఒక్క వాక్యం కదల్లేదు. అందులో నా నవల గురించి ఏమీ లేదు, అంతా ఆయన గురించే. చివరికి చచ్చినట్టు ఆ సమీక్షే మళ్ళీ తీశాను. మొదటిసారి కోపంలో చదవని వాక్యం ఒకటి దొరికింది. పందొమ్మిదో ప్రకరణంలో కథానాయిక రాసిన ఉత్తరం లేకపోయినా కథ నడిచేది, అందులో చెప్పిందంతా పాఠకుడికి అప్పటికే తెలుసు అని రాశారాయన. పుస్తకం తీసి చూశాను. నిజం! తెలిసిందే మళ్ళీ చెప్పాను. భయం వల్ల, పాఠకులకి అర్థం కాదేమోనని. కొత్త నవల్లోనూ అదే పని చెయ్యబోతున్నాను. రాసిన పదకొండు పేజీలు చింపేస్తే ముగింపు దానంతట అదే బయటపడింది.

అంటే ఆయన ఒకే పేజీలో రెండు రకాల మాటలన్నారు. ఒకటి లుట్స్ అంచు లాంటిది, ఇంకొకటి మోరీగారి మాట లాంటిది. నన్ను వెనకేసుకొచ్చిన ఆ తెనాలి ఆవిడ రెంటినీ కలిపి ఉతికేసింది. నేనూ అంతే. ఆవిడకి నేను కృతజ్ఞతగా జవాబు రాశాను. పందొమ్మిదో ప్రకరణం సంగతి మాత్రం రాయలేదు. రాసి ఉండవలసింది.

పోనీ అభిమానులే లేకపోతే బాగుంటుందా అంటే, అదీ కాదు. 2022 బీజింగ్‌లో జూ యీ అనే పిల్ల గతి చూశాం. కాలిఫోర్నియాలో పుట్టి, అమెరికా పౌరసత్వం వదులుకుని చైనా తరఫున దిగింది. పందొమ్మిదేళ్ళు. జట్టు పోటీలో పడింది. పడీ పడకముందే, స్వదేశీ పిల్లని కాదని దీన్ని ఎందుకు తెచ్చారు, దీనికి చైనా భాషే సరిగా రాదు అంటూ కోట్లమంది కళ్ళబడేలా దుమారం రేగింది. మర్నాడు అదే మంచుమీద ఆ పిల్ల ఏడుస్తూ ఆడింది. ఒక్క నోరన్నా అడ్డుపడి "ఇదుగో లెక్క" అని ఉంటే ఆ రాత్రి ఎంత తేడాగా ఉండేది! మావోకి ఆ రాత్రి ఊరంతా ఉంది.

అలాగని ఊరంతా ఉండటం కూడా ఎప్పుడూ వరం కాదు. యుజురు హన్యూ సంగతి మీలో కొందరు వినే ఉంటారు. రెండు ఒలింపిక్ బంగారాలు గెలిచినవాడు. ఆట ముగియగానే మంచుమీద ఎలుగుబంటి బొమ్మలు వానలా కురుస్తాయి. పూ అనే ఆ బొమ్మ అతనికి ఇష్టమని. ఆయన మార్కులమీద ఎవరైనా చిన్న సందేహం వెలిబుచ్చితే, ఆ బొమ్మలు విసిరిన చేతులే ఏం విసురుతాయో చెప్పలేం. 2023 ఆగస్టులో పెళ్ళయిందని ప్రకటించాడు. నవంబరులో విడిపోయామని ప్రకటించాడు. భార్యనీ, రెండువైపులవాళ్ళనీ వెంటాడటాలూ, నిందలూ, వేధింపులూ భరించలేక, ఆవిడ సుఖంగా ఉండాలని ఈ నిర్ణయం అన్నాడు. దాదాపు మూడున్నర నెలల కాపురం. వెంటాడినవాళ్ళలో పత్రికలవాళ్ళున్నారు, ఇంకా ఎవరెవరో ఉన్నారు. అందరూ అభిమానులే అని నేననను. కానీ ఆయన మావాడు అని గట్టిగా అనుకున్నవాళ్ళు అందులో లేరని నమ్మలేను. మా అత్తగారికి ఈ సంగతి చెబితే, "కొడుకుని కోడలికి ఇవ్వడం అంత తేలికటే?" అన్నారు. ఆవిడ నవ్వుతూనే అన్నారు. నేను నవ్వలేదు.

చిన్ని కూడా కొన్నాళ్ళు స్కేటింగ్ నేర్చుకుంది. పదమూడేళ్ళప్పుడు మానేసింది. ఎందుకు మానేశావే అనడిగితే, దెబ్బలు తగిలాయనో, చదువనో చెబుతుందనుకున్నాను. "అమ్మ వల్ల" అంది. పరీక్షలో పడితే టీచరు వచ్చి, ఎడమ భుజం ముందే తిరిగిపోయింది, పావు చుట్టు తక్కువయింది అనేదిట. అది బాగుండేదిట, రేపు ఏం చెయ్యాలో తెలిసేదిట. ఇంటికొస్తే సుభద్ర, ఆ జడ్జీలకి కళ్ళు లేవు, మా చిన్ని బంగారం, దాన్లో తప్పేం లేదు అని రాత్రంతా అనేదిట.

"తప్పు లేకపోతే ఎందుకు పడ్డాను పెద్దమ్మా? నాకు అదే అర్థమయ్యేది కాదు" అంది చిన్ని.

ఈ సంగతి సుభద్రకి తెలియదు. చిన్ని చెప్పద్దంది. కానీ నేను ఈ వ్యాసం రాస్తున్నానని నిన్న ఫోనులో చెప్పి, కొంచెం చదివి వినిపించాను. వాంకూవర్‌లో కిమ్ గెలవడం న్యాయమే అన్న చోటికి వచ్చేసరికి అవతల చప్పుడు లేదు. ఫోను పెట్టేసిందేమో అనుకుని, "ఒసే, ఉన్నావా?" అన్నాను.

"ఉన్నాను. ఏ గెంతులో న్యాయమో చెప్పు. కాగితం తెచ్చుకుంటున్నా" అంది.